గుంటూరు డాక్టరమ్మ – అన్నా కుగ్లర్ గారి జీవితము

పఠన భాగము: మార్కు 5:25–34

సువార్తలో ఒక స్త్రీ ఉన్నది. ఆమె పేరు మనకు తెలియదు. పండ్రెండు సంవత్సరములు రక్తస్రావముతో బాధపడినది. వైద్యుల వెంట తిరిగి, తనకున్నదంతయు వెచ్చించినది. జబ్బు తగ్గకపోగా ఇంకను హెచ్చినది. ఆమె యేసుప్రభువు ఎదుటికి రాలేదు. జనసమూహములో దాగి వెనుకగా వచ్చినది. ఎందుకు? అది నలుగురిలో చెప్పుకొనదగిన జబ్బు కాదు. లేవీయకాండము 15వ అధ్యాయము ప్రకారము అట్టి స్త్రీ అపవిత్రురాలుగా ఎంచబడెను. ఆమె కూర్చున్న చోటును ముట్టినవారు సహితము స్నానము చేయవలసియుండెను. ఇట్టి స్థితిలో ఎవరికి చెప్పుకొనగలదు?

ప్రభువు ఆమెను గద్దింపలేదు. దాగియుండుటకును విడిచిపెట్టలేదు. ముట్టినదెవరని అడిగి, ఆమె ముందుకు వచ్చి సంగతి అంతయు చెప్పువరకు ఆగెను. యాయీరు ఇంటిలో చిన్నది చావనైయున్నను, ఆమె మాట వినుటకు ఆయనకు తీరిక దొరికెను. పిమ్మట ఆమెను కుమార్తె అని పిలిచి, సమాధానముతో పంపెను.

ఈ స్త్రీ మన ఊళ్లలో నేటికిని ఉన్నది. పల్లెలోనున్న తల్లి, పట్టణములో చదువుకొనుచున్న బిడ్డను చూడ వచ్చును. హైదరాబాదు అశోక్ నగర్లో ఉద్యోగపు పరీక్షల శిక్షణ కొరకు చేరిన పిల్లలు, చిక్కడపల్లిలోనో నారాయణగూడలోనో అద్దె గదులలో ఉందురు. తల్లి జంతికలు, పచ్చడి సీసాలు మూటగట్టుకొని వచ్చును. రెండు దినములుండి, బిడ్డ బట్టలుతికి, వండిపెట్టి, మరల బస్సెక్కును. అన్ని ఆసుపత్రులున్న పట్టణమునకు వచ్చియు, మూడు నెలలుగా తనకగుచున్న రక్తస్రావమును గూర్చి నోరు విప్పదు. కుమారునితో చెప్పుటకు సిగ్గు. కోడలితో చెప్పుటకు మొగమాటము. ముట్టుడిగిన వయసులో ఇదేమి అని తనలో తాననుకొని, వేడి చేసినదని సరిపెట్టుకొనును. ఊరు చేరిన పిదప మజ్జిగలో మెంతిపొడి కలుపుకొని త్రాగును. అంతే.

ఇట్టి తల్లుల కొరకే, నూటనలువది ఏండ్లకు పూర్వము ఒక స్త్రీ సముద్రములు దాటి మన ఆంధ్రదేశమునకు వచ్చిరి. ఆమె జీవితమును ఈ నెల తలంచుకొందము.

బాల్యము, విద్య

అన్నా సారా కుగ్లర్ గారు 1856వ సంవత్సరము ఏప్రిల్ 19వ తేదీన అమెరికా దేశములోని పెన్సిల్వేనియా రాష్ట్రమున, ఫిలడెల్ఫియా పట్టణమునకు దగ్గరగానున్న ఆర్డ్‌మోర్ అను ఊరిలో జన్మించిరి. వారిది లూథరన్ సంఘమునకు చెందిన కుటుంబము. ఆ దినములలో ఆడుపిల్ల వైద్యము చదువుట అమెరికాలో సహితము వింతగానే ఉండెను. పురుషుల వైద్య కళాశాలలు చాలావరకు స్త్రీలను చేర్చుకొనెడివి కావు. అందుచేత 1850లో ఫిలడెల్ఫియాలో స్త్రీల కొరకే ఒక వైద్య కళాశాల స్థాపింపబడినది. కుగ్లరమ్మగారు అచటనే చదివి 1879లో పట్టము పుచ్చుకొనిరి. ఏడేండ్ల తరువాత, 1886లో, మహారాష్ట్రమునుండి వెళ్లిన ఆనందీబాయి జోషి గారు వైద్యురాలైనదియు ఆ కళాశాలలోనే.

పట్టము పుచ్చుకొనిన పిదప ఆమె నారిస్టౌన్ అను ఊరిలోని మానసిక రోగుల ఆసుపత్రిలో, స్త్రీల విభాగమున వైద్యురాలిగా పనిచేసిరి. మంచి ఉద్యోగము. తమవారి నడుమ గౌరవముగా బ్రతుకవచ్చును. అయితే 1882లో గుంటూరునుండి ఆమెకు ఒక ఉత్తరము వచ్చెను. వ్రాసినవారు అచట పనిచేయుచున్న మిషనరీ ఆడమ్ రో గారు. ఘోషాలోనున్న స్త్రీలు, ఇల్లు విడిచి వెలుపలికి రాని స్త్రీలు, వైద్యము లేక మరణించుచున్నారనియు, వారిని చూడగల వైద్యురాలు కావలెననియు ఆయన ఆమెకు తెలిపిరి.

కాదన్న పని, ఔనన్న పిలుపు

ఆమె వెళ్లుటకు సిద్ధపడిరి. కాని పంపవలసిన స్త్రీల మిషనరీ సంఘము సిద్ధముగా లేదు. వైద్యపు పని మొదలుపెట్టుటకు ఇది తగిన సమయము కాదని వారి తలంపు. ఉపాధ్యాయినిగా, ఇండ్లకు వెళ్లి స్త్రీలకు బోధించు పని కొరకైతే పంపగలమనిరి. చదివిన చదువేమి, ఇచ్చుచున్న పనియేమి! మరియొకరైన అలిగి ఇంటనే ఉండిపోయెడివారు. కుగ్లరమ్మగారు ఆ పనికే ఒప్పుకొనిరి. తమ వైద్యపు సామగ్రిని మాత్రము వెంట తెచ్చుకొనిరి.

1883 ఆగస్టులో ఓడ యెక్కి, నవంబరు 29వ తేదీన గుంటూరు చేరిరి. అప్పుడు గుంటూరు ప్రత్యేకమైన జిల్లా కాదు, కృష్ణా జిల్లాలోనిది. జిల్లా మరల ఏర్పడినది 1904లో. లూథరన్ మిషను మాత్రము అచట పాతదే. 1842లో హైయ్యరు అయ్యగారు వచ్చి ఆరంభించినది. బడులుండెను, గుడులుండెను. స్త్రీల ఆసుపత్రి లేదు.

పగలు బడి పని, బోధ పని. అయితే డాక్టరమ్మ వచ్చినదన్న మాట ఊరిలో దాగునా? కబురు మీద కబురు రాసాగెను. మొదటి యేడాది ముగియునప్పటికి ఆమె 185 మంది రోగులను వారి వారి ఇండ్లలోను, 276 మందిని తమ బసలోను చూచియుండిరి. బల్ల లేదు, మంచము లేదు, సహాయము చేయు నర్సు లేదు. పంపినవారి లెక్కలో ఆమె ఇంకను ఉపాధ్యాయినియే.

గడప లోపలి జబ్బు

ఆ కాలపు ఇండ్లలో వైద్యము ఎట్లుండెనో కొంచెము తెలిసికొనవలెను. గొప్ప యింటి స్త్రీని పరపురుషుడు ముట్టరాదు. వైద్యుడు వచ్చినను తెర ఇవతలనే కూర్చుండును. భర్తయో అత్తగారో జబ్బు సంగతి చెప్పుదురు. స్త్రీ తన నోట చెప్పుకొనవలసిన మాటను ఆమె ఎన్నడును చెప్పదు. ఎర్రబట్ట అనియు తెల్లబట్ట అనియు రెండు మాటలలో తేల్చివేయుదురు. ఆ మాటల వెనుక ప్రసవములో కలిగిన గాయమున్నదో, గర్భసంచిలో కంతియున్నదో, రాచపుండు ఉన్నదో చూచి చెప్పువారెవరు? మంత్రసానికి తెలిసినంతలో ఆమె చేయును. అది మించినచో కర్మమని ఊరకుందురు.

పేద యిండ్లలో తెర లేదు. కాని సిగ్గు అచటను ఉన్నది. కూలి పోవునను భయము దానికి తోడు.

కుగ్లరమ్మగారు ఆ గడప దాటగలిగిరి, స్త్రీ గనుక. అయినను దాటుట సులభముగా జరుగలేదు. ఆమె అన్యదేశస్థురాలు, ఆచారముగల కుటుంబములవారికి ఆమె స్పర్శ మైల. ప్రాణము మీదికి వచ్చినప్పుడు పిలిచెడివారు. ఆమె వెళ్లిన పిదప ఆమె ముట్టినవన్నియు శుద్ధి చేసికొనెడివారు. రోగిని మైలపడినదని స్నానము చేయించెడివారు. జ్వరముతో ఉన్న స్త్రీకి చన్నీటి స్నానమెంత హానియో వైద్యురాలికి తెలియదా? ఆమె కోపగించి రాక మానలేదు. మరల పిలిచినప్పుడు మరల వెళ్లిరి.

ఇచ్చట మన పఠన భాగమును ఒకసారి జ్ఞాపకము చేసికొందము. సువార్తలోని స్త్రీ తన మైల ఇతరులకు అంటునని భయపడి వెనుకగా వచ్చినది. గుంటూరులో వైద్యురాలే మైల అనిపించుకొని గడపలు ఎక్కిరి. ప్రభువు రోగిని ముట్టుటకు వెనుదీయలేదు. ఆయన దాసురాలును వెనుదీయలేదు.

ఆసుపత్రి కట్టుట

రెండేండ్ల పనిని చూచిన పిదప పంపినవారి మనసు మారెను. 1885 డిసెంబరులో ఆమెను వైద్య మిషనరీగా నియమించిరి. మరుసటి యేడు, 1886లో, గుంటూరులో స్త్రీలకును పిల్లలకును డిస్పెన్సరీ మొదలైనది. అయితే డిస్పెన్సరీలో మందు ఇచ్చి పంపవచ్చునే గాని, రోగిని ఉంచుకొని శస్త్రము చేయుటకు వీలులేదు. ఊరినుండి బండిలో వచ్చిన స్త్రీ ఎచట పండుకొనును? శస్త్రము చేసిన పిదప ఎవరు కనిపెట్టియుందురు? ఆసుపత్రి కావలెను.

1889లో సెలవు మీద స్వదేశము వెళ్లినప్పుడు ఆమె విశ్రాంతికి బదులు ఆసుపత్రి కొరకు సంఘముల ఎదుట నిలిచి మాటలాడిరి. అచటి సంఘముల స్త్రీలు కొంచెము కొంచెముగా కూర్చిన సొమ్ముతో ఈ పని నడచినది. 1891లో తిరిగి వచ్చిరి. పదునెనిమిది ఎకరముల స్థలము సంపాదింపబడెను. 1893లో డిస్పెన్సరీకి స్వంత భవనము ఏర్పడినది. 1897లో ఆసుపత్రి తెరువబడినది. గుంటూరుకు వచ్చిన పదునాలుగేండ్లకు ఆమె కోరిన మంచములు ఆమెకు దొరికెను.

ఒంటరిగా చేసిన పని కాదు. నర్సు క్యాథరీన్ ఫాస్ గారు వచ్చి చేరిరి. 1895లో డాక్టరు మేరీ బేర్ గారు వచ్చిరి. తెలుగు అమ్మాయిలు నర్సులుగా తర్ఫీదు పొందిరి. రోగి మాటను రోగి యాసలోనే విని, భయపడకుమని చేయి పట్టుకొనినవారు ఆ అమ్మాయిలే. బైబిలు స్త్రీలు మంచము మంచము వద్దకు వెళ్లి పలుకరించెడివారు. వైద్యురాలి కత్తి ఎంత పదునైనదైనను, ఆడుదాని చేత ఆడుదానికి చెప్పించిన ఒక్క ధైర్యపు మాట లేనిచో రోగి గడప యెక్కదు.

ఏలూరు రాజావారి కుటుంబపు సంగతి ఆ ప్రాంతమున ప్రసిద్ధి. రాజా భుజంగరావు బహద్దరు గారి భార్యకు కుగ్లరమ్మగారు వైద్యము చేయగా ఆమెకు ప్రాణము దక్కెను. రాజావారు హిందువులు, ఆచారవంతులు. కృతజ్ఞతగా వారు ఆసుపత్రికి ఎదురుగా ఒక సత్రము కట్టించిరి. రోగులతో కూడ వచ్చిన హిందూ కుటుంబములవారు తమ ఆచారము చెడకుండ వండుకొని తినుటకు, ఉండుటకు అది ఉపయోగపడెను. ఒకప్పుడు ఆమె చేయి తగిలిన యిల్లు కడిగించినవారున్నారు. ఇప్పుడు ఆమె చేతి క్రిందకు వచ్చువారి కొరకు రాజు బస కట్టించెను. ఆసుపత్రికి దూరపు ఊళ్లనుండి వచ్చు రోగికి మందెంత ముఖ్యమో, తోడువచ్చినవారికి తల దాచుకొను చోటు అంత ముఖ్యము. ఆ సంగతి రాజావారు గ్రహించిరి.

ప్రభుత్వము ఆమెకు కైజర్-ఇ-హింద్ పతకమునిచ్చి 1905లోను, మరల 1917లోను గౌరవించెను. ఆమెకు మాత్రము తెల్లవారగానే వరండాలో కూర్చున్న రోగులే లెక్క.

ఆనాడు లేనిది, ఈనాడు ఉన్నది

కుగ్లరమ్మగారి ఆసుపత్రి తెరువబడిన కాలమున గర్భసంచి రాచపుండుకు వైద్యశాస్త్రము చేయగలిగినది మిక్కిలి కొంచెము. ఎక్సురే కిరణములు కనుగొనబడినది 1895లో. క్యూరీ దంపతులు రేడియము కనుగొనినది 1898లో. గర్భసంచిని చుట్టుప్రక్కల భాగములతో సహా తీసివేయు పెద్ద శస్త్రచికిత్సను వియన్నాలో వెర్ట్‌హైమ్ అను వైద్యుడు మొదలుపెట్టినదియు 1898లోనే. అట్టి రోగము ముదిరి వచ్చిన స్త్రీకి ఆ దినములలో నొప్పి తగ్గించి, పుండు కడిగి, ప్రక్కన కూర్చుండుటకంటె ఎక్కువ చేయలేకపోయిరి.

1928లో అమ్మగారు తమ ఆసుపత్రి చరిత్రను పుస్తకముగా ప్రకటించిరి. అదే యేడాది అమెరికాలో పపనికొలావ్ అను గ్రీకు దేశపు వైద్యుడు ఒక సంగతిని సభలో తెలిపెను. గర్భసంచి ముఖద్వారమునుండి రాలు కణములను గాజుబిళ్ల మీద పూసి సూక్ష్మదర్శినిలో చూచినచో రాచపుండును ముందుగానే కనిపెట్టవచ్చునని ఆయన చెప్పెను. నాడు ఎవరును లక్ష్యపెట్టలేదు. 1943లో ఆయన, ట్రౌట్ అను వైద్యునితో కలిసి పుస్తకము ప్రకటించిన పిదప లోకము నమ్మెను. నేడు పాప్ పరీక్ష అని పిలుచునది ఆయన పేరుతోనే.

ఆ దినము వరకు అమ్మగారు లేరు. 1930 జూలై 26వ తేదీన, 74వ యేట, గుంటూరులోనే ప్రభువునందు నిద్రించిరి. వచ్చినది మొదలు దాదాపు నలువదియేడు సంవత్సరములు. ఆసుపత్రికి ఆమె పేరే నిలిచెను. కుగ్లర్ ఆసుపత్రి అనగా తెలియనివారు ఆ ప్రాంతమున లేరు.

ఆమె తెరచిన తలుపు పిమ్మట ఇంకను వెడల్పైనది. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగు గారి ప్రయత్నమున 1955లో క్యాన్సరు ఆసుపత్రి స్థాపింపబడినది. అదియే నేడు ఎం.ఎన్.జె. అని పిలువబడు ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకము చేత పేదవారికి క్యాన్సరు చికిత్స ఖర్చు భరించు ఏర్పాటు కలిగెను. రేడియము, శస్త్రము, మందు, డబ్బు సాయము, స్త్రీ వైద్యులు, అన్నియు వచ్చినవి. అయినను 2020వ సంవత్సరపు అంచనాల ప్రకారము మన దేశములో ఆ యొక్క యేడాదిలో సుమారు 1,23,000 మంది స్త్రీలకు గర్భసంచి ముఖద్వారపు క్యాన్సరు సోకినది. సుమారు 77,000 మంది మరణించిరి. ముందుగా కనిపెట్టిన చాలవరకు నయమగు రోగమిది. మరి ఇంతమంది ఎందుకు చనిపోవలెను? చాలమంది ఆలస్యముగా వచ్చుచున్నారు గనుక.

నాటి తెర గుడ్డతో చేసినది. నేటి తెర మన నోటిమీద ఉన్నది.

ఏ గురుతులు చూచిన ఆలస్యము చేయరాదు

తల్లులారా, అక్కలారా, సిగ్గుపడక చదువుడి. చదువరాని వారికి చదివి వినిపించుడి.

ముట్టు ఆగి సంవత్సరము దాటిన పిదప ఒక్క చుక్క రక్తము కనబడినను వైద్యురాలికి చూపవలెను. మరల వచ్చునేమో చూతమని కాచుకొనరాదు. ముట్టుకు ముట్టుకు నడుమ రక్తము కనబడినను, భార్యాభర్తల కలయిక తరువాత కనబడినను చూపవలెను. దుర్వాసనతో నీరువంటి తెల్లబట్ట, తగ్గని నడుము నొప్పి, పొత్తికడుపు నొప్పి కూడ గురుతులే. మర్మస్థానమున మానని పుండు, కంతి, విడువని దురద ఉన్నచో దాచరాదు. అండాశయపు రోగము ఇంకను దొంగవంటిది. కడుపు ఉబ్బరము, రెండు ముద్దలకే కడుపు నిండుట, మాటిమాటికి మూత్రము వచ్చుట, ఇవి వారముల తరబడి విడువకున్నచో గ్యాసు అని మాత్రలు మ్రింగుచు కూర్చుండరాదు.

ఈ గురుతులు కనబడినవన్నంత మాత్రమున అది రాచపుండు అని భయపడనక్కరలేదు. ముట్టుడిగిన తరువాత రక్తము కనబడిన స్త్రీలలో పదిమందిలో తొమ్మండుగురికి అది క్యాన్సరు కాదు. అయితే ఆ పదియవ ఆమె ఎవరో ఇంట కూర్చున్న తెలియదు. త్వరగా వెళ్లవలెననుట అందుకొరకే. ఇంగ్లండు దేశములో 2000వ సంవత్సరము నుండి, క్యాన్సరు అని అనుమానమున్న రోగిని రెండు వారములలోగా పెద్ద వైద్యుడు చూడవలెనని నియమము పెట్టిరి. 2023లో దానిని మార్చి, రోగము ఉన్నదో లేదో 28 దినములలోగా తేల్చి చెప్పవలెనను గడువు ఉంచిరి. ధనిక దేశమే దినములు లెక్కించుచుండగా మనము కోతలు అయిన పిమ్మట, పండుగ అయిన పిమ్మట, పెండ్లి అయిన పిమ్మట అని నెలలు గడుపవచ్చునా?

ఆసుపత్రిలో ఏమి చేయుదురు? ముందు కూర్చుండబెట్టి ప్రశ్నలు అడుగుదురు: ముట్టు ఎప్పుడు ఆగినది, రక్తము ఎన్నాళ్లనుండి, బరువు తగ్గినదా అని. ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను. తరువాత తెర చాటున బల్లమీద పండుకొనబెట్టి వైద్యురాలు లోపల పరీక్షించును. కొంచెము ఇబ్బందియే గాని ప్రాణాపాయము లేదు. నొప్పి కలిగిన చెప్పవచ్చును, ఆపుమనవచ్చును. తోడుగా నర్సు ఉండవలెనని అడుగవచ్చును. అవసరమైనచో కడుపు మీద గాని లోపలినుండి గాని స్కానింగు తీయుదురు. ముఖద్వారము మీద పలుచని వెనిగరు వంటి మందు పూసి, తెల్లబడు చోటును చూచుటయు ఒక పరీక్ష. అనుమానమున్న చోటినుండి బియ్యపుగింజంత ముక్క తీసి పరీక్షకు పంపుదురు. ముక్క తీసిన రోగము పాకునని ఊరిలో అందురు. అది నిజము కాదు. ఆ ముక్క చూడనిదే ఏ వైద్యుడును రోగము నిశ్చయించి చెప్పలేడు. ఫలితము వచ్చు దినమున తప్పక మరల వెళ్లవలెను. ముక్క ఇచ్చి ఫలితమునకు పోనివారు, విత్తనము వేసి చేను మరచిన రైతువంటివారు.

ఒంటరిగా వెళ్లవద్దు. స్త్రీల సమాజములో ఒకరిని తోడు తీసికొని వెళ్లుడి. కుగ్లరమ్మగారి ఆసుపత్రిలో బైబిలు స్త్రీ చేసిన పని ఇదియే. దీనికి డాక్టరు పట్టము అక్కరలేదు. కాగితములు పట్టుకొనుటకు, వరుసలో నిలుచుటకు, వైద్యురాలు చెప్పిన మాటలు జ్ఞాపకముంచుకొనుటకు ఒక మనిషి చాలును. పట్టణములో చదువుచున్న బిడ్డలారా, మీకును ఒక మాట. ఈసారి అమ్మ వచ్చినప్పుడు తిరుగు బస్సు టిక్కెట్టు కొనుటకు ముందు, ఒంట్లో ఎట్లున్నదమ్మా అని ఒకసారి కాదు, రెండుసార్లు అడుగుడి. మొదటిసారి ఆమె బాగున్నాననును. రెండవసారి అడిగినప్పుడు కొంచెము ఆగుడి.

పురుషులకు ఒక మాట. ఏలూరు రాజావారు భార్య జబ్బును దాచలేదు. వైద్యురాలి వద్దకు పంపిరి, కృతజ్ఞతను బహిరంగముగా చూపిరి. ఇంటి యజమాని దారిఖర్చులు చేతిలో పెట్టి వెళ్లి రమ్మన్న సగము రోగము అచటనే తేలికపడును.

ధ్యానమునకు

రక్తస్రావము గల స్త్రీ పండ్రెండు ఏండ్లు మోసిన భారమును ఎవరికైనను ముందుగా చెప్పగలిగియుండిన ఎట్లుండెడిదో ఆలోచించుడి. ప్రభువు ఆమె జబ్బును మాత్రమే బాగుచేసి మౌనముగా పోవచ్చును. అట్లు చేయలేదు. ఆమె నోటనుండి నిజము పలుకునట్లు ఆగెను, సిగ్గునుండియు ఆమెను విడిపింపగోరి. అన్నా కుగ్లర్ గారు తమ బ్రతుకంతయు ఆ ఆగుటలో గడిపిరి. పంపినవారు కాదన్నప్పుడు ఆగిరి. మైల అన్న గడపల వద్ద ఆగిరి. ఒక్కొక్క మంచము వద్ద, ఒక్కొక్క స్త్రీ నోరు విప్పువరకు ఆగిరి.

మన సంఘములో ఈ వారమున ఏ తల్లి మాటలాడక కూర్చున్నది? ఆమె ప్రక్కన ఎవరు ఆగుదురు?

ప్రార్థన: ప్రభువా, వెనుకగా వచ్చినవారిని ముందుకు పిలుచువాడా, మా యిండ్లలో మాటరాక బాధపడుచున్న తల్లులకు ధైర్యము దయచేయుము. వారి మాట వినుటకు మాకు తీరిక నేర్పుము. వారిని చూచు వైద్యుల చేతులను, నర్సుల చేతులను నీవే నడిపించుము. ఆమేన్.